ఇద్దరికి సరిపడా లంక

"చిన్న దేశమే కదా, వారం రోజుల్లో మొత్తం చుట్టి రావచ్చా?" శ్రీలంక వెళ్దామనుకునే జంటలు నన్ను మొదట అడిగేది ఇదే. మ్యాపు చూస్తే ఎవరికైనా అలాగే అనిపిస్తుంది. ద్వీపం వైశాల్యం 65,610 చదరపు కిలోమీటర్లు, తెలంగాణలో సగం కంటే కొంచెం ఎక్కువ. చెన్నైలో విమానం ఎక్కితే గంటన్నరలో దిగిపోతాం. కానీ క్యాండీ నుంచి ఎల్లా దాకా రోడ్డు మీద సుమారు 140 కిలోమీటర్లు వెళ్లడానికి నాలుగు గంటలు పడుతుంది. మన నాలుగు వరసల హైవేల లెక్క అక్కడ చెల్లదు. దారి కొండ చుట్టూ తిరుగుతుంది, ప్రతి ఊరి నడిబజారులోంచీ వెళ్తుంది, మధ్యాహ్నం బడి వదిలాక తెల్లటి యూనిఫారం వేసుకున్న పిల్లలతో నిండిపోతుంది. అలాంటి దేశాన్ని వారంలో చుట్టడమంటే వారమంతా కారు అద్దంలోంచి చూడడమే.

అందుకే నేను చుట్టి రావద్దంటాను. నాలుగు చోట్ల ఉండి రండి, మిగతాది వదిలెయ్యండి. ఏది వదిలెయ్యాలో ఇద్దరూ కూర్చుని తేల్చుకోండి. హోటళ్ల కంటే, టికెట్ల కంటే ముందు జరగాల్సిన పని అదే. ప్రయాణంలో సగం సుఖం అక్కడే ఉందని నా నమ్మకం.

మన ఇళ్లలో భార్యాభర్తలిద్దరే కూర్చుని, మూడో మనిషి మాట పడకుండా, ఒక సంగతి తేల్చుకునే సందర్భాలు ఎన్నని వస్తాయి? ముహూర్తం పెద్దవాళ్లు పెడతారు. ఇల్లు ఎక్కడ కొనాలో ఆఫీసు దూరాన్ని బట్టీ, పిల్లల బడిని బట్టీ తేలిపోతుంది. పండక్కి ఎవరి ఊరు వెళ్లాలో అత్తింటికీ పుట్టింటికీ మధ్య ఒప్పందంలా నడిచిపోతుంది. కొత్తగా పెళ్లయిన వాళ్లని హనీమూన్ ప్యాకేజీలో పంపిస్తే అక్కడా అంతే. పొద్దున్నే తలుపు కొట్టేవాళ్లు ఒకరు, ఫొటో ఎక్కడ దిగాలో చూపించేవాళ్లు ఇంకొకరు. సొంతంగా వెళ్తే ఆ పనులన్నీ ఇద్దరి మీదే పడతాయి. బస్సెక్కుదామా ఆటో మాట్లాడుకుందామా, వాన తగ్గేదాకా ఆగుదామా, ఇక్కడే ఇంకో రోజు ఉండిపోదామా. చిన్న చిన్న సంగతులే. కానీ మీ ఆయనకి పొద్దున్నే జనం లేని చోట నడవడం ఎంత ఇష్టమో, మీ ఆవిడ మార్కెట్లో కూరగాయల వరస దగ్గర ఎంతసేపు నిలబడగలదో తెలిసేది ఆ చిన్న సంగతుల్లోనే. పెళ్లయి పాతికేళ్లయిన వాళ్లక్కూడా అలాంటివి కొత్తగా తెలుస్తాయి. మాకూ తెలిశాయి.

ముందు నెల సంగతి చూద్దాం. శ్రీలంకకి రెండు వానాకాలాలు. ద్వీపం నడుమ దక్షిణాన కొండలు అడ్డంగా లేచి ఉండడం వల్ల ఏ గాలి తెచ్చిన వాన ఆ వైపే కురుస్తుంది. మే నుంచి సెప్టెంబరు దాకా నైరుతి గాలులు పడమటి తీరాన్నీ, దక్షిణ తీరాన్నీ, వాటికి ఎదురుగా ఉన్న కొండల్నీ తడుపుతాయి. అప్పుడు తూర్పున ట్రింకోమలీలో ఎండ కాస్తుంటుంది, సముద్రం నిద్రపోతున్నట్టే ఉంటుంది. అక్టోబరు, నవంబరుల్లో వాన దాదాపు అన్ని చోట్లా పలకరిస్తుంది. డిసెంబరు నుంచి ఈశాన్య గాలుల వంతు. ఉత్తరం, తూర్పు తడుస్తాయి, గాల్, మిరిస్సా వైపు తేరుకుంటుంది. మన ముహూర్తాలకి ఈ లెక్క చక్కగా అమరుతుంది. మాఘ, ఫాల్గుణాల్లో పెళ్లయిన వాళ్లు దక్షిణ తీరానికి వెళ్లాలి. వైశాఖంలో, జ్యేష్ఠంలో, శ్రావణంలో పెళ్లయిన వాళ్లు తూర్పు తీరానికి వెళ్లాలి. రెండు తీరాలూ ఒకే యాత్రలో చూస్తామంటే ఏదో ఒక చోట గదిలో కూర్చుని వాన చూడాల్సొస్తుంది. అది కావాలనుకునే జంటలూ ఉంటారు, వాళ్లకి నా సలహా అక్కర్లేదు.

నెల తేలాక ఇద్దరూ విడివిడిగా, ఒకరి కాగితం ఒకరు చూడకుండా, "ఇది లేకపోతే నాకు వెళ్లినట్టే ఉండదు" అనుకునేది ఒక్కటంటే ఒక్కటి రాసుకోండి. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని వాటి మధ్య దారి వేసుకోండి. ఒకరు ఏనుగులని రాసి ఇంకొకరు సముద్రమని రాస్తే యాత్ర సగం తయారైనట్టే. జులై నుంచి సెప్టెంబరు దాకా మిన్నేరియా చెరువు ఎండుతూ, ఒడ్డున గడ్డి మొలుస్తుంటే అడవి ఏనుగులు గుంపులు గుంపులుగా అక్కడికి చేరతాయి. అక్కణ్ణుంచి ట్రింకోమలీ తీరం కొన్ని గంటల దూరం. మిగతా పేర్లన్నీ ఆ రెంటి తర్వాతే. ఏనుగుల్ని జీపులోంచి, దూరం నుంచి చూడండి. దగ్గర్లోని హబరన ఊరి చుట్టుపక్కల వీపు మీద ఎక్కిస్తామని పిలుస్తారు, ఆ పని మాత్రం చెయ్యకండి. గొలుసు వేసి తిప్పే ఏనుగుని ఎక్కినవాళ్లు ఏనుగుని చూసినట్టు కాదు.

శ్రీలంకలో యాత్ర మొత్తానికీ ఒకే కారు, ఒకే డ్రైవరు అనే పద్ధతి బాగా పాతుకుపోయింది. చాలా హోటళ్లలో డ్రైవర్లకి వేరే గది కూడా ఉంటుంది. పెద్దవాళ్లతో వెళ్తే, చంటిపిల్ల ఉంటే అంతకన్నా మంచి మార్గం లేదు. ఇద్దరే వెళ్తే మాత్రం నేను వద్దనే అంటాను. డ్రైవరు ఎంత మంచివాడైనా పదిరోజులు ముందు సీట్లో మూడో మనిషి ఉన్నాడంటే మాటల తీరు మారిపోతుంది. మనసు విప్పి మాట్లాడుకోవడం తగ్గుతుంది, పోట్లాడుకోవడం కూడా తగ్గుతుంది. అవి రెండూ కావాలి. సామాను లాక్కుంటూ బస్సులు మారడం కష్టమైన చోట్ల, అంటే డంబుల్లా నుంచి క్యాండీ లాంటి చోట్ల, ఆ ఒక్క పూటకీ కారు మాట్లాడుకుంటే చాలు. కొండల్లో రైలుంది. తీరం వెంబడి ఎర్ర రంగు ప్రభుత్వ బస్సులు, రంగురంగుల ప్రైవేటు బస్సులు ఒకదాని వెనక ఒకటి పోతూనే ఉంటాయి. బస్సులో ముందు సీట్లు భిక్షువులకి కేటాయించి ఉంటాయి, అక్కడ కూర్చుంటే భిక్షువు ఎక్కగానే లేవాలి. కొలంబో, క్యాండీ లాంటి ఊళ్లలో ఆటోకి పిక్‌మీ యాప్ పెట్టుకుంటే బేరం బాధ ఉండదు. ఏనుగులు తిరిగే హబరన వైపు మాత్రం చీకటి పడ్డాక ఆటోలో గానీ అద్దె స్కూటరు మీద గానీ బయల్దేరకండి. ఇందులో ధైర్యం చూపించేదేమీ లేదు.

ఇక సిగిరియా. సుమారు రెండువందల మీటర్ల ఎత్తున నిలువుగా లేచిన బండ అది. 5వ శతాబ్దంలో కశ్యపుడు తండ్రి ధాతుసేనుణ్ణి చంపించి రాజై, దేశం విడిచిన తమ్ముడు మొగ్గల్లానుడు సైన్యంతో తిరిగి వస్తాడన్న భయంతో ఆ బండ నెత్తిన కోట కట్టుకున్నాడని చెప్తారు. దాదాపు 1200 మెట్లు. తెల్లవారగానే ఎక్కడం మొదలుపెడితే ఎండ ముదరకముందే దిగొచ్చెయ్యొచ్చు. విదేశీయుల టికెట్టు ఖరీదు ఎక్కువే గానీ సార్క్ దేశాల వాళ్లకి తగ్గిస్తారు, ఇద్దరి పాస్‌పోర్టులూ దగ్గర ఉంచుకోండి. సగం ఎత్తున గుహ గోడ మీద మేఘాల్లోంచి నడుము దాకా కనబడే స్త్రీల చిత్రాలు 20కి పైగా మిగిలాయి. వాటిని ఫొటో తియ్యనివ్వరు, అదీ మంచిదే, కళ్లతో చూస్తాం.

నన్ను ఎక్కువసేపు నిలబెట్టింది మాత్రం ఆ చిత్రాలకి దిగువన ఉన్న అద్దపు గోడ. ఒకప్పుడు మొహం కనిపించేలా నునుపు చేసిన గోడట అది. కోట పాడుబడ్డాక వందల ఏళ్ల పాటు ఎక్కడెక్కడి నుంచో వచ్చినవాళ్లు ఆ చిత్రాలు చూసి, మనసులో మెదిలిన పద్యాన్ని గోడ మీద గీసి వెళ్లారు. పురాలిపి పరిశోధకుడు సేనరత్ పరణవితాన వాటిలో 685 పద్యాలు చదివి 1956లో ప్రచురించాడు. భిక్షువులు రాశారు, ఉద్యోగులు రాశారు, ఆడవాళ్లూ రాశారు. ఎక్కువ పద్యాలు చిత్రంలోని స్త్రీల అందం గురించే. కొన్ని వాళ్లు పలకరించడం లేదన్న ఫిర్యాదులు. వెయ్యేళ్ల కిందట పనులన్నీ మానుకుని ఇంత దూరం నడిచొచ్చి, చూసి, తలా రెండు పాదాలు రాసి వెళ్లారంటే, వినోదం కోసం ప్రయాణం చెయ్యడం మన కాలంలో పుట్టిందనుకోవడానికి వీల్లేదు. ఇప్పుడు ఆ గోడ మీద చెయ్యి కూడా వెయ్యకూడదు.

మా ఆయన సిగిరియా ఎక్కలేదు. మోకాళ్లు సహకరించవని ముందే తెలుసు కాబట్టి కింద జలోద్యానాల దగ్గర ఉండిపోయారు. నేను ఒక్కదాన్నే ఎక్కాను. ఇది ప్రత్యేకంగా చెప్తున్నాను, ఎందుకంటే జంటగా వెళ్తే ప్రతిదీ జంటగానే చూడాలని చాలామంది అనుకుంటారు. ఓపిక లేనివాళ్లు ఓపిక తెచ్చిపెట్టుకుని ఎక్కుతారు, లేదా ఎక్కగలిగినవాళ్లు మొహమాటపడి మానేస్తారు. రెండూ అన్యాయమే. ఆ సాయంత్రం ఆయన కింది తోటలో నీటి కాలువల అమరిక గురించీ, వాన పడితే ఇప్పటికీ అక్కడి ఫౌంటెన్లు చిమ్ముతాయని విన్నదాని గురించీ చెప్తుంటే నేను గోడ మీది పద్యాల సంగతి చెప్పాను. ఇద్దరం ఒకే చోట నిలబడి ఒకటే చూసుంటే అన్నానికి కూర్చున్నప్పుడు చెప్పుకోవడానికి ఏముండేది? రోజులో ఒక పూట విడివిడిగా గడపమని ప్రతి జంటకీ చెప్తాను.

అనురాధపురం, పొలన్నరువ, ఈ రెండు పాత రాజధానుల్లో ఒకటి చాలు. రెండూ పెట్టుకుంటే రెండో దానికి వెళ్లేసరికి ఇటుకలు ఇటుకల్లాగే కనిపిస్తాయి. భక్తి ఉన్నవాళ్లకి అనురాధపురం. అశోకుడి కూతురు సంఘమిత్ర తెచ్చిన కొమ్మ నుంచి పెరిగిందని నమ్మే బోధి వృక్షం ముందు తెల్లబట్టల్లో గంటల తరబడి కూర్చునే కుటుంబాల్ని చూడొచ్చు. జేతవన స్తూపం కట్టిన రోజుల్లో 120 మీటర్లకి పైగా ఉండేదంటారు, అంతా ఇటుకే. నా ఓటు పొలన్నరువకి. అక్కడ అద్దె సైకిళ్లు దొరుకుతాయి, శిథిలాలన్నీ చెట్ల నీడలో సైకిలు దూరంలోనే ఉంటాయి. గల్ విహారంలో ఒకే రాతిలో చెక్కిన పడుకున్న బుద్ధుడి తలకింద దిండు బరువుకి కొద్దిగా నొక్కుకుపోయినట్టు చెక్కారు, దగ్గరికెళ్లి అది చూడండి. 12వ శతాబ్దంలో పరాక్రమబాహువు తవ్వించిన చెరువుకి సముద్రం అనే పేరు పెట్టారు. దాని కట్ట మీద సాయంత్రం సైకిలు తొక్కుతుంటే రామప్ప, పాకాల చెరువుల కట్టలు చూసిన తెలుగువాళ్లకి పరాయి దేశంలా అనిపించదు. వానకి ఆశపడే మెట్ట నేల, నీళ్లు నిలబెట్టినవాడే రాజు.

మనకీ ఆ నేలకీ సంబంధం చెరువులతో మొదలవలేదు. నాగార్జునకొండలో ఇక్ష్వాకుల కాలపు శాసనం, అంటే 3వ శతాబ్దం నాటిది, సింహళ విహారం పేరు చెప్తుంది. తామ్రపర్ణి, అంటే లంక, భిక్షువుల కోసం బోధిసిరి అనే ఉపాసిక చేసిన దానాల జాబితా ఆ శాసనంలో ఉంది. వాళ్లు ఇక్కడికొచ్చి కృష్ణ ఒడ్డున ఉన్నారు. ఇటు నుంచి అటు వెళ్లినవాళ్లూ ఉన్నారు. పాములాడించుకుంటూ తిరిగిన అహికుంటక జాతివాళ్లు అనురాధపురం జిల్లాలోనూ తూర్పున అక్కరైపట్టు వైపూ స్థిరపడ్డారు. వాళ్లు ఇంట్లో మాట్లాడేది తెలుగే, కాలంతో మారిపోయిన తెలుగు. దారిలో తారసపడితే పలకరించండి. చూడ్డానికి మాత్రం వెళ్లకండి, మనుషులున్న చోటు చూడాల్సిన ప్రదేశం కాదు.

అన్నిటికంటే దగ్గరి సంబంధం క్యాండీలో ఉంది. 1739లో క్యాండీ రాజు వారసుడు లేకుండా పోతే, మదురై వైపు నుంచి వచ్చిన రాణి తమ్ముణ్ణి సింహాసనం మీద కూర్చోబెట్టారు. మదురై నాయకుల బంధువర్గం, తెలుగు మూలాలున్న కుటుంబం. 1815లో ఇంగ్లీషువాళ్లు క్యాండీని పట్టుకునేదాకా ఆ నాయకర్ వంశమే ఏలింది. విచిత్రమేమిటంటే సింహళ బౌద్ధానికి ఇప్పుడున్న రూపం రావడంలో బయటినుంచి వచ్చిన ఈ రాజుల చెయ్యి పెద్దది. 1747లో రాజైన కీర్తిశ్రీ రాజసింహుడు సయాం దేశం నుంచి భిక్షువుల్ని రప్పించి, తెగిపోయిన ఉపసంపదని, అంటే భిక్షువులకిచ్చే పూర్తి దీక్షని, 1753లో మళ్లీ నిలబెట్టాడు. డంబుల్లా గుహల్లో ఇప్పుడు మనం తలెత్తి చూసే రంగుల చిత్రాలు చాలావరకు అతని కాలంలో వేయించినవే. ఆఖరి రాజు శ్రీవిక్రమ రాజసింహుడు క్యాండీ నడిబొడ్డున చెరువు తవ్వించాడు. ఇంగ్లీషువాళ్లు అతన్ని వెల్లూరు కోటకి పంపేశారు. 1832లో అక్కడే పోయాడు, సమాధి పాలారు ఒడ్డున ఉంది. ఇంత కథ తెలిశాక ఆ చెరువు చుట్టూ నడిచే నడక వేరుగా ఉంటుంది. చెరువు పక్కనే బుద్ధుడి దంత ధాతు మందిరం. భుజాలూ మోకాళ్లూ కప్పే బట్టలు, తెల్లవైతే మరీ మంచిది, వేసుకుని సాయంత్రం పూజ వేళకి వెళ్లండి. డప్పులు మొదలయ్యాక జనం తామర పూలు పట్టుకుని మెట్లెక్కుతారు. ఎవరి వెనకో నెమ్మదిగా నడిస్తే చాలు. బుద్ధుడి విగ్రహానికి వీపు పెట్టి సెల్ఫీ తీసుకోవడం ఆ దేశంలో ఎక్కడైనా పెద్ద అపచారం.

క్యాండీ పక్కనే పేరాదెనియ ఉద్యానవనం. అక్కడి పెద్ద మర్రి జాతి చెట్టు కిందా, గాల్ కోట బురుజుల మీదా, కొలంబోలో గాల్ ఫేస్ సముద్రపు ఒడ్డునా ఒక దృశ్యం తప్పకుండా కనబడుతుంది. ఎండైనా వానైనా విప్పిన గొడుగు, దాని వెనక ఒదిగి కూర్చున్న యువతీ యువకులు. నలుగురిలో చేతులు పట్టుకోవడమే ఎక్కువ అనుకునే సమాజంలో వాళ్లు చేసుకున్న ఏర్పాటు అది. దాటి వెళ్లేవాళ్లు అటు చూడరు. మనకి ఈ మర్యాద కొత్తదేం కాదు. అక్కడ జంటగా తిరిగేటప్పుడు మన ఊళ్లో ఎలా ఉంటామో అలా ఉంటే సరిపోతుంది, ఒక గొడుగు కొనుక్కున్నా బావుంటుంది. వాళ్ల వైపు కెమెరా మాత్రం తిప్పకండి.

క్యాండీ నుంచి కొండ రైలు ఎక్కుతాం. పట్టాలు మన బ్రాడ్‌గేజీ వెడల్పే, వేగం మాత్రం ఎద్దుబండిది. రిజర్వేషను ప్రయాణానికి నెల రోజుల ముందు మొదలవుతుంది, త్వరగా అయిపోతుంది. దొరక్కపోతే రిజర్వు లేని రెండో తరగతో మూడో తరగతో టికెట్టు ఆ రోజే కొనుక్కుని ఎక్కొచ్చు, కాసేపు నిలబడాలి. వానాకాలంలో కొండచరియలు పడి దారి మూసేస్తుంటారు, బయల్దేరే ముందు రైలు ఎక్కడిదాకా నడుస్తోందో స్టేషన్లో కనుక్కోండి. 1867లో కొలంబో నుంచి క్యాండీకి వచ్చిన రైలుమార్గం 1885లో నాను ఓయా చేరి, కొండలు దాటి బదుల్లా చేరేసరికి 1924 అయింది. నడుమ పట్టిపొల స్టేషను 1,891 మీటర్ల ఎత్తున ఉంది. అది దాటాక గాలి మారుతుంది, పొగమంచు కిటికీలోంచి లోపలికొస్తుంది, పక్కావిడ సంచీలోంచి స్వెట్టరు తీస్తుంది. దెమోదర దగ్గర రైలు స్టేషన్లో ఆగి, కొండ చుట్టూ తిరిగి, ఇందాక ఆగిన స్టేషను కిందనున్న సొరంగంలోంచి బయటికొస్తుంది. తలుపు దగ్గర వేలాడుతూ ఫొటో దిగడం అక్కడ ఫ్యాషనైపోయింది. పడి ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లున్నారు. ఒకరి ఫొటో కోసం ఒకరు ఆ తలుపు దగ్గరికి వెళ్లకండి.

కిటికీలోంచి కనబడే పచ్చదనం గురించి ఒక్క మాట చెప్పాలి. కాఫీ తోటలు తెగులుతో పోయాక ఆ కొండల నిండా తేయాకు వేశారు. ఆకు కోసే తల్లులు ఎక్కువగా తమిళనాడు నుంచి ఇంగ్లీషువాళ్లు తీసుకెళ్లిన కూలీల మనవరాళ్లూ మునిమనవరాళ్లూ. 1948లో వచ్చిన పౌరసత్వ చట్టం వాళ్లలో చాలామందిని ఏ దేశమూ లేనివాళ్లని చేసేసింది. అది సర్దుకోవడానికి దశాబ్దాలు పట్టింది. నేటికీ చాలా కుటుంబాలు ఇంగ్లీషువాళ్ల కాలంలో కట్టిన వరస గదుల్లోనే ఉంటున్నాయి. బుట్ట వీపున కట్టుకుని ఆకు కోస్తున్న ఆమె పక్కన ఫొటో దిగాలనిపిస్తే ముందు అడగండి, దిగాక ఆమె చేతిలో డబ్బు పెట్టండి. ఆమె పని ఆపి నిలబడింది.

అందరూ ఎల్లాలో దిగుతారు. తొమ్మిది తోరణాల వంతెన అక్కడికి దగ్గర్లోనే ఉంది, 1921 నాటిది, చూడాల్సిందే. కానీ రాత్రి ఉండడానికి నేను కొంచెం ముందే వచ్చే హపుతలె చెప్తాను. కొండ అంచున కట్టిన ఊరు. ఆకాశం తేటగా ఉన్న పొద్దున దక్షిణాన మైదానమంతా కనిపిస్తుంది, మధ్యాహ్నానికి మంచు లోయలోంచి ఎక్కి వీధుల్లోకి వచ్చేస్తుంది. చెయ్యడానికి పెద్దగా ఏమీ లేదు. రెండు రాత్రులు ఉండి, వాటి మధ్య పగలు ఏ పనీ పెట్టుకోకండి. ఫోన్లు కూడా సాయంత్రం ఒక్కసారి, రెండు వైపుల అమ్మలకీ వరసగా, అంతే. అన్నం తిన్నారా అని వాళ్లు అడుగుతారు, తిన్నామని చెప్పండి.

తిండికి అక్కడ మనం పరాయివాళ్లం కాము. అన్నం చుట్టూ నాలుగైదు కూరలు, పప్పు, వేపుడు అప్పడం. లేత పనసకాయ కూర తింటే గోదావరి జిల్లాల వాళ్లకి పనసపొట్టు గుర్తొస్తుంది. సరస్వతి ఆకు కొబ్బరితో కలిపి పచ్చిగానే పెడతారు. మనం వినాయక చవితికి తప్ప తలుచుకోని వెలగపండుని వాళ్లు రోజూ రసం తీసి తాగుతారు. గేదె పెరుగు మట్టి చట్టిలో తోడుపెట్టి, దాని మీద జీలుగ చెట్టు నీరా కాచిన పాకం పోసి ఇస్తారు. మన్యంలో జీలుగ కల్లు తెలిసినవాళ్లు కూడా ఈ పాకం రుచి చూసి ఉండరు. శాకాహారులు ఒక్క సంగతి గుర్తుపెట్టుకోవాలి. కొబ్బరి పచ్చడిలోనూ కొన్ని కూరల్లోనూ రుచికి ఎండు చేప పొడి వేస్తారు, వాళ్ల లెక్కలో అది చేప కింద రాదు. "మాలు ఎపా, మస్ ఎపా" అని సింహళంలో ముందే చెప్పండి, చేపా మాంసమూ వద్దని. పౌర్ణమి రోజున మద్యం అమ్మరు, మాంసం కొట్లు మూసేస్తారు, ఆఫీసులకి సెలవు. క్యాలెండరు చూసుకుని, వీలైతే ఆ రోజుకి ఏదో ఒక గుడి ఉన్న ఊళ్లో ఉండేలా చూసుకోండి. మే పౌర్ణమి, వెసాక్ అయితే వీధివీధికీ కాగితపు లాంతర్లు, దారినపోయేవాళ్లందరికీ ఉచితంగా అన్నం.

డబ్బు సంగతిలో నాకు గట్టి అభిప్రాయం ఉంది. 2022లో ఆ దేశం దివాళా తీసింది. పెట్రోలు కోసం రోజుల తరబడి వరసల్లో నిలబడ్డారు, వంటగ్యాసు దొరకలేదు, జులైలో అధ్యక్షుడు దేశం వదిలి వెళ్లాడు. తేరుకోవడంలో పర్యాటకుల డబ్బు పెద్ద ఆసరా అయింది, ఆ పర్యాటకుల్లో మన దేశం వాళ్లే అందరికంటే ఎక్కువ. కాబట్టి మన రూపాయి అక్కడ ఎక్కువ వస్తుందని ఆటోవాడితో చివరి యాభై దగ్గర బేరం చెయ్యడం నాకు బాధగా అనిపిస్తుంది. పెద్ద రిసార్టులో ఒక రాత్రి ఖర్చుతో ఇళ్లల్లో నడిపే హోమ్‌స్టేలో మూడు నాలుగు రాత్రులు ఉండొచ్చు. ఆ డబ్బు ఆ ఇంటి పిల్లల చదువుకి పోతుంది. ఇంటావిడ పొద్దున్నే ఇడియాప్పాలు వత్తుతుంటే వంటింటి గుమ్మంలో నిలబడి మాట్లాడొచ్చు కూడా. వీసా నిబంధనలు తరచూ మారుతుంటాయి. టికెట్టు కొనకముందే వాళ్ల ప్రభుత్వ వెబ్‌సైట్లో చూసుకోండి, దళారీ సైట్లకి డబ్బు కట్టకండి.

సముద్రం చివరికి పెట్టుకోండి. మూడు రాత్రులు, ఒకే ఊరు. దక్షిణాన అయితే డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా మిరిస్సా నుంచి పడవలో వెళ్తే నీలి తిమింగలాలు కనబడే అవకాశముంది. తూర్పున అయితే ట్రింకోమలీలో కొండకొమ్మున కోనేశ్వరాలయం, పక్కనే నీలావెలి తీరం. ఎర్ర జెండా ఉన్న చోట నీళ్లలో దిగకండి.

ఇక జాఫ్నా. పది రోజుల జాబితాలో "ఉత్తరాన అదొక్కటీ మిగిలిపోయింది" అని ఒక పగలు ఇరికించే జంటల్ని చూస్తుంటాను. వద్దు. 1981లో తగలబెట్టేసిన గ్రంథాలయంలో తొంభైవేలకి పైగా పుస్తకాలూ తాటాకు ప్రతులూ పోయాయి. తర్వాత మళ్లీ కట్టిన ఆ తెల్లటి భవనంలోకి పిల్లలు చదువుకోవడానికి వెళ్తుంటారు. 2009 దాకా యుద్ధం నడిచిన నేల అది. యాళ్ దేవి రైలు 2014లో గానీ మళ్లీ జాఫ్నా చేరలేదు. అక్కడి మనుషులు చెప్పేది వినాలంటే తీరిక ఉండాలి, తిమింగలాలు చూసొచ్చిన మర్నాడు ఆ తీరిక ఉండదు. దానికి వేరే ఏడాది వేరే టికెట్టు కొనుక్కోండి. జులై, సెప్టెంబరుల మధ్య నల్లూరు కందస్వామి కోవెల ఉత్సవం ఇరవై అయిదు రోజులు జరుగుతుంది, ఉత్తరాన అప్పుడు వానలుండవు. అది చూసుకుని వెళ్లండి, నాలుగు రోజులు ఉండండి, మిగతా ఏ ఊరూ కలపకండి.